మా బావ పావుచుట్టు

మా బావకు తల్లిదండ్రులు పెట్టిన పేరుతో ఇప్పుడు ఎవరికీ పని లేదు. లారీల షెడ్డులో తోటి మెకానిక్కులు పెట్టిన ‘పావుచుట్టు’ అన్న పేరే ఖాయమైపోయింది. నట్టు బిగిసిందని అందరూ వదిలేశాక, ఆయన వెళ్ళి ఇంకో పావు చుట్టు తిప్పి వచ్చేవాడు. ఆయన బిగించిన చక్రం దారిలో ఊడిందన్న మాట ఎవరూ వినలేదు. ఆ గర్వం ఇంటికి కూడా వచ్చింది. కుళాయిలు, కిటికీ గడియలు, సీసా మూతలు, దేన్నీ వదలడు. వాళ్ళింటికి వెళ్తే నేను మంచినీళ్ళ సీసా మూత తీయలేక, ఆయన్నే బతిమాలి తీయించుకుని తాగేదాన్ని.

ఆ పావు చుట్టే ఒకరోజు కొంప ముంచింది.

మా అక్క లెక్కల టీచరు. నరాల జబ్బు చేసి కాళ్ళు పడిపోయాయి, చేతుల్లో సగం బలం పోయింది. ఏడాది పైగా గది దాటని మనిషి ఎట్టకేలకు మళ్ళీ బడికి వెళ్తానంది. బడి రెండు వీధుల అవతలే. ఆమె కోసం బావ ఒక చక్రాల కుర్చీకి మోటారు తగిలించి, ఎనిమిది లిథియం సెల్లులతో బ్యాటరీ కట్టాడు. ఒక్కో సెల్లు లావుపాటి నిఘంటువంత ఉంటుంది. దాని నెత్తిన రెండు అల్యూమినియం దిమ్మెలు, ఒక్కో దిమ్మెలో బిగించిన ఉక్కు స్టడ్డు. స్టడ్డంటే తల లేని బోల్టు. పక్క సెల్లుతో కలిపే రాగి పట్టీని దానికి తొడిగి, పైన నట్టు బిగించాలి. ఎనిమిదీ గొలుసులా కలిస్తేనే కుర్చీ కదులుతుంది.

మర్నాడు అక్క బడికి వెళ్ళాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక, దారిలో ఏ నట్టూ వదులు కాకూడదని బావ పానా పట్టుకుని బ్యాటరీ ముందు కూర్చున్నాడు. టక్కుమని చప్పుడైంది. చూస్తే స్టడ్డు పైముక్క నట్టుతో సహా పానాలో ఉంది, మొదలు దిమ్మెలోనే ఉండిపోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. నాకు ఒళ్ళు మండి, నోటికొచ్చినట్టు తిట్టాను.

సెల్లులు అమ్మిన కొట్టువాడికి ఫోను చేస్తే, కొత్తది రావడానికి రెండు వారాలు పడుతుందన్నాడు. అది లారీ చక్రం కాదనీ, మెత్తటి లోహానికి మెత్తటి చెయ్యి కావాలనీ ఒక చురక కూడా వేశాడు. పోనీ మామూలు కుర్చీలో కూర్చోబెట్టి నేను తోసుకెళ్తానన్నాను. అక్క తల అడ్డంగా ఊపింది.

“ఎవరో తోస్తే వెళ్ళేదాన్నైతే ఎప్పుడో వెళ్ళేదాన్ని. ఆ పిల్లల ముందుకి నా అంతట నేనే వెళ్ళాలి. రేపు ఆగిపోయానంటే ఇక నాకు ధైర్యం చాలదే. నా సంగతి నాకు తెలుసు.”

బావ చొక్కా చేతులు మడిచాడు. “రేపు నువ్వు వెళ్తున్నావు,” అన్నాడు.

ఆ మాట అన్నాక ఆయనది ఉడుం పట్టు. వెల్డింగు పెట్టించమని నేను ఉచిత సలహా ఇస్తే, ఆ వేడికి సెల్లు లోపల చచ్చిపోతుందన్నాడు. విరిగిన సెల్లును విడదీసి బల్ల మీద పెట్టాడు. రెండు దిమ్మెలకూ ఒకేసారి ఇనుము తగిలితే నిప్పులు రాలతాయని, బాగున్న దిమ్మెను రబ్బరు ముక్కతో కప్పేశాడు. దిమ్మె మందం ఎంతో లేదు. దాని కిందకు దిగితే సెల్లు పొట్టే. అందుకని డ్రిల్లు బిట్టుకు ఆ మందం కొలిచి ఎర్ర టేపు చుట్టి, టేపు దిమ్మెను తాకేలోగా ఆగమని నన్ను చెప్పమన్నాడు. ఆగమని ఒకరు చెబితే వినే మనిషి కాదు. ఆ రోజు తానే అడిగాడు.

విరిగిన బోల్టులు తీయడానికి ఆయన దగ్గర ఎడమవైపు తిరిగే బిట్టు ఒకటుంది, టేపు చుట్టింది దానికే. అది కరుచుకోగానే స్టడ్డు మొండెం మెల్లగా తిరుగుతూ పైకొచ్చింది. దాంతోపాటే వెండి రంగు పొడి కూడా వచ్చింది. దిమ్మె లోపల స్టడ్డును పట్టి ఉంచే గాట్లు, ఆ మరలన్నీ చెడిపోయాయి. బావ ఒక సైజు పెద్ద మరలు కోసే ట్యాపు వెతికి, అడుగుదాకా కోసేలా దాని మొనను సానరాయి మీద అరగదీశాడు. గ్రీజు పూసి కొంచెం ముందుకు, కొంచెం వెనక్కు తిప్పుతూ కోశాడు. గ్రీజుకు అంటుకున్న రజను పాత పళ్ళ బ్రష్షుతో ఎత్తడం నా పని. తిట్టిన నోటితోనే “మెల్లగా బావా” అంటూ కూర్చున్నాను.

కొత్త లావు స్టడ్డును మరలు వదలకుండా పట్టే జిగురు పూసి, చేత్తోనే లోపలికి తిప్పాడు. అది ఆరేలోపు రాగి పట్టీ రంధ్రాన్ని పెద్దది చేసి, మిగతా సెల్లులనూ బల్ల మీదికి చేర్చి, దాన్ని మళ్ళీ వరసలో కూర్చోబెట్టాడు. దీపాలు పెట్టేవేళకు మిగిలింది నట్టు బిగించడమే.

పిడికి టేపు చుట్టిన పానా నట్టు మీద పెట్టాడు. తిప్పలేదు. పానా తీసి అక్క ఒళ్ళో పెట్టాడు.

“నా చేతికి ఆగడం తెలీదు. నువ్వు బిగించు.”

అక్క నవ్వింది. “సీసా మూత కూడా తీయలేని చెయ్యండీ ఇది.”

“అందుకే,” అన్నాడు.

అక్క కూర్చున్న కుర్చీని బల్ల దగ్గరకు జరిపాం. అక్క రెండు చేతులతో పానా పట్టుకుని, పళ్ళు బిగించి, ఉన్న బలమంతా పెట్టి తిప్పింది. ఇక తన వల్ల కాని చోట నట్టు ఆగింది. బావ రాగి పట్టీని వేళ్ళతో పట్టి ఊపి చూశాడు. కదల్లేదు. మీటరు పెడితే అన్నీ సరిగ్గా ఉన్నాయి. అయినా తృప్తి లేక, మిగతా నట్లన్నీ తాను వదులు చేసి, ఆమె చేతే మళ్ళీ బిగించాడు. ఎందుకూ పనికిరాదని ఆమె అసహ్యించుకున్న బలమే ఆ పనికి కావలసినంత బలం. నాకు ఏడుపు ఆగలేదు.

పొద్దున అక్క మీట నొక్కింది, కుర్చీ కదిలింది. వెనకే మేమిద్దరం. బావ చొక్కా జేబులో పానా ఉంది. వీధి మూలకు రాగానే అక్క వెనక్కి చూడకుండానే, “ఇక్కడ ఆగండి,” అంది.

ఇంకో నాలుగడుగులు వేస్తాడని నేను పందెం కాసేదాన్ని. వేయలేదు. జేబు మీద చెయ్యి పెట్టుకుని, ఆమె బడి గేటు దాటేదాకా అక్కడే నిలబడ్డాడు.