రామతులసి చేతులు

పటమటలోని ఆ క్రెచ్‌లో ఆయా రామతులసి ఏ బిడ్డకు డైపర్ మార్చినా గోరువెచ్చని నీళ్లతో కడిగి, మెత్తటి పాతచీర ముక్కతో అద్ది, తడి ఆరేదాకా కొంగుతో విసురుతుంది. తొమ్మిదేళ్లలో తన చేతుల్లో ఒక్క బిడ్డకూ ఒళ్లు కందలేదని ఆమెకు గర్వం. అలాంటిది ఇవాళ, ఆమె డైపర్ మార్చిన పది నిమిషాలకే ఏడాదిన్నర విఠల్ గుక్కపట్టి ఏడ్చాడు. విప్పి చూస్తే పిర్రలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. మళ్లీ కడిగి కొబ్బరినూనె రాసింది. ఏడుపు ఇంకా పెరిగింది. డైపర్ పడలేదా? పళ్లొస్తున్నాయా? రాత్రి వాళ్లమ్మ ఏం పెట్టింది? ఆమెకేమీ పాలుపోలేదు.

"నిన్న సాయంత్రం దాకా బానే ఉన్నాడు కదండీ మేడమ్!" అని ఇన్‌చార్జి సింధూరితో అంటుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వేలితో తుడుచుకుంది. కన్ను భగ్గుమంది.

తెల్లవారుజామున వట్టిచేత్తో ఆవకాయ కలిపి, మూడుసార్లు సబ్బుతో కడుక్కుని వచ్చిన చెయ్యి అది.

"మీరే కడగండి మేడమ్. నా చేతులేనండీ... పొద్దున కారం కలిపొచ్చాను," అంటూ రామతులసి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. విఠల్ మాత్రం ఎత్తుకోమని ఏడుస్తూ ఆమెకేసే చేతులు చాచాడు.