బెండకాయ నక్షత్రం, చేపసిరా ఒంటెలు

ఆ రోజుల్లో క్రిస్మస్ కార్డు కావాలంటే మద్రాసు వెళ్ళినవాళ్ళెవరైనా తెచ్చిపెట్టాలి, లేదా నెల్లూరు వెళ్ళి అంగడి అద్దాల వెనకున్న కార్డులను చూసి, ధర అడిగి, నిట్టూర్చి తిరిగి రావాలి. అందుకే మైపాడు దారిలో ఉన్న మా ఊళ్ళో క్రైస్తవుల ఇళ్ళలో ఆడపిల్లలమే కార్డులు తయారుచేసేవాళ్ళం. బెండకాయను అడ్డంగా కోసి, సిరాలో ముంచి అట్టమీద అద్దితే చక్కటి నక్షత్రం పడుతుంది. (దేవుడు బెండకాయను పులుసు కోసం కాదు, ఈ పని కోసమే సృష్టించాడని అప్పట్లో నా నమ్మకం.) ఉర్లగడ్డను, అదే బంగాళాదుంపను, రెండు చెక్కలు చేసి, నాన్న గడ్డం గీసుకుని పారేసిన బ్లేడుతో చెక్కితే గొర్రె, గొల్లవాడు, పశువుల తొట్టి, ఏది కావాలంటే అది అచ్చు తయారు. నా గొర్రెలు పందిపిల్లల్లా ఉంటాయని మా అన్న అనేవాడు. వాడి మాట నేను ఈనాటికీ ఒప్పుకోను.

నాకు పదిహేడేళ్ళు నిండిన ఏడాది ఆ కార్డుల పని ఆటగా మిగల్లేదు. ఎస్సెల్సీ అయిపోయింది. నెల్లూరులో టీచరు ట్రైనింగులో చేరాలని నా ఆశ. దానికి మిషను బంగళాలో ఉండే దొరసానమ్మ నా తరపున ఒక్క మాట చెప్పాలి. నాన్నేమో గూడూరు నుంచి వచ్చిన నిమ్మకాయల వ్యాపారి సంబంధం మీద మనసు పడి ఉన్నాడు. "నువ్వు మొదులుపెట్టిన పని ఏదన్నా సక్రమంగా ముగించినావా? ఈ పండగలోపల దొరసానమ్మ నోటితో సరే అనిపించు, పంపిస్తా. లేదంటే గూడూరోళ్ళకు మాటిచ్చేస్తా," అన్నాడు. ఆ పెళ్ళికొడుకును నేను చూడనైనా లేదు. అయినా పచ్చడి జాడీలో నిమ్మకాయ కనబడితే చాలు, నాకు ఏడుపొచ్చేది.

దొరసానమ్మను మెప్పించడానికి ఒక పెద్ద కార్డు తలపెట్టాను. పైన నక్షత్రం, కింద ఒంటెల మీద ముగ్గురు జ్ఞానులు. ఇంట్లో ఉన్నవి ఎర్ర సిరాబిళ్ళలు, నీలం సిరాబిళ్ళలు. జ్ఞానులకు ఎరుపు సరిపోయింది, నక్షత్రానికి నీలం. ఒంటెలకే రంగు లేదు. (నీలం ఒంటెను ఒకటి అద్ది చూశాను. అది మునిగిపోతున్నట్టుంది.) దిగాలుగా కూర్చుని ఉంటే, పట్టపుపాళెం నుంచి రోజూ చేపల గంప తెచ్చే చేపలక్క వచ్చింది.

"ఏందిమే, మొహం అట్ట పెట్టినావు?"

"ఒంటెలకు రంగు లేదక్కా."

"ఓసి, దీనికా! సిరా చిమ్మే చేప కడుపులో తిత్తి ఉంటాది గదా, దాన్నిండా రంగే. చేతికంటితే తోమినా పోదు."

"వాసన రాదూ?"

"ఎండలో పెట్టు. అంతా పోతాది."

మర్నాడు ఆమె ఆకులో చుట్టి తెచ్చిచ్చిన తిత్తిని ముక్కు మూసుకుని చిదిమాను. తుమ్మజిగురు కలిపి ఉర్లగడ్డ అచ్చుతో అద్దితే, అబ్బ, ముదురు గోధుమరంగులో నిజం ఒంటెలే వచ్చి నిలబడ్డాయి. మిద్దె మీద ఎండలో ఆరబెట్టాక నేను వాసన చూశాను, అన్న చూశాడు, మూడిళ్ళ అవతల ఏం పోపు వేస్తున్నారో చెప్పగల మా అమ్మ కూడా చూసింది. వాసన లేనే లేదు.

దొరసానమ్మ పాత బైబిలు పక్కన పెట్టుకుని తెలుగు నేర్చుకున్న మనిషి. కార్డు చూసి, "ఇది బహు సుందరముగా నున్నది! పండుగనాడు తేనీటికి మీ తండ్రిని వెంటబెట్టుకొని రమ్ము. నీ సంగతి మాటలాడెదము," అంది. బంగళా హాల్లో కట్టిన తాడుకు అందరి కార్డుల మధ్యా నా కార్డును తగిలించింది. ఇంటికి గాల్లో తేలుతూ వచ్చాను.

ఆ సాయంత్రమే వాయుగుండం పట్టుకుంది. మా సముద్రం పక్క ఊళ్ళలో ముసురు పడితే జాడీలో ఉప్పు నీరవుతుంది, అగ్గిపుల్ల వెలగదు. అంత తెలిసిన దాన్ని, కార్డు దగ్గర ఆ సంగతే మరిచాను. తడిగాలికి జిగురు మెత్తబడగానే నా ఒంటెలకు పుట్టినిల్లు గుర్తొచ్చింది.

పండగనాడు ఆరాధన ముగిశాక నాన్నా నేనూ హాల్లో అడుగు పెట్టేసరికి వాసన గుప్పుమంది. అందరూ మర్యాదగా టీ తాగుతూ ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటున్నారు. సంఘపెద్ద ఒకాయన చెప్పులు తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. నేను మాత్రం తల ఎత్తలేదు. ఎత్తి ఉంటే బీరువా మీద నుంచి దొరసానమ్మ పిల్లి గురి చూడటం కనబడేది. ఒక్క దూకుతో తాడంతా కిందికి వచ్చింది. అంత మంది కార్డుల్లోంచి నాదే వెతికి పట్టుకుని, కాళ్ళ కింద తొక్కిపెట్టి, కళ్ళు మూసుకుని నాకింది. దాని కాళ్ళ కిందినుంచి కార్డు లాగేసరికి నక్షత్రం భద్రంగానే ఉంది. కింద ముగ్గురు జ్ఞానులు కాళ్ళు ఎడంగా చాపుకుని గాల్లో కూర్చుని ఉన్నారు.

దొరసానమ్మ కళ్ళజోడు సవరించుకుంది. "అమ్మాయీ, జ్ఞానులున్నారు. వారి ఒంటెలు ఎక్కడికి పోయెను?"

"పిల్లి నాకేసిందమ్మా."

"పిల్లి ఒంటెలను ఏల నాకెను?"

"అవి చేపసిరా ఒంటెలమ్మా," అని భోరుమన్నాను. గూడూరు సంబంధం ఖాయమైనట్టే అనిపించింది. ఏడుస్తూనే తిత్తి, తుమ్మజిగురు, ఉర్లగడ్డ, బెండకాయ, అన్నీ వరసగా చెప్పేశాను. ఎప్పుడూ చిరునవ్వైనా నవ్వని ఆ దొరసానమ్మ కుర్చీలో కూలబడి, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. తర్వాత వంటింట్లోంచి బెండకాయ తెప్పించుకుని, అక్కడున్న పిల్లలందరి ముందూ నా చేత నక్షత్రం వేయించింది. పిల్లలు టీ బల్ల వదిలి నా చుట్టూ మూగారు. ఆమె వాళ్ళను కాసేపు చూసి, నాన్న వైపు తిరిగింది.

"ఈమెను ట్రైనింగునకు పంపుము. ఈమె తరగతిలో పిల్లలు నిద్రించరు."

నాన్న చేతులు కట్టుకుని, "అట్టాగేనమ్మా," అన్నాడు. దారిలో మాత్రం ఊరుకోలేదు. "గెలిచినట్టు నవ్వబాకమే. గెలిచింది ఆ పిల్లి." అంటూనే తన గొడుగు నా వైపు వంచాడు. నేను తడవలేదు గానీ ఆయన భుజమంతా తడిసిపోయింది.

రిటైరయ్యేదాకా టీచరుగానే బతికాను. దొరసానమ్మ మాట పూర్తిగా నిజం కాలేదు, మధ్యాహ్నం లెక్కల గంటలో నా పిల్లలు శుభ్రంగా నిద్రపోయేవాళ్ళు. పాపం, నాకు లేపబుద్ధి అయ్యేది కాదు. హాల్లో అందరి ముందూ ముక్కు చీదుకుంటూ ఏడ్చిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం అసూయా పుడుతుంది. కావలసిన దాన్ని అంత గట్టిగా కోరుకోవడం, దానికోసం చేప తిత్తిలో చెయ్యి పెట్టడం, ఇప్పుడు నావల్ల కాదు.