బస్సు వెనకాల లింగప్ప

హిందూపురం నుంచి ధర్మవరం పోయే బస్సులో వెనక సీటు దొరికినవాళ్ళు ఎప్పుడో ఒకసారి మా లింగప్ప పెదనాయనను చూసే ఉంటారు. హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగించి, మంద వెనక నడిచే గొర్రెల కాపరిలా, బస్సుకు కాస్త దూరంగా మోటార్ సైకిల్ మీద వస్తుంటాడు. బస్సు ఆగితే ఆగుతాడు, కదిలితే కదులుతాడు. మొదట్లో ఒక కండక్టరు ఆయన్ని చెకింగ్ ఆఫీసరనుకుని, టికెట్లు అందరికీ ఇచ్చానో లేదో అని రెండుసార్లు బస్సంతా తిరిగాడట. అసలు సంగతి తర్వాత తెలిసింది. బస్సులో ఆయన పెండ్లాం ఉంది.

ఆ పెండ్లాం మా గంగాదేవి పెద్దమ్మ, మా అమ్మకు అక్క. రెండేండ్ల కింద పెదనాయన బండి మీద ఒక పక్కకు కూర్చుని పోతుంటే సోమందేపల్లి దగ్గర చీర కొంగు వెనక చక్రంలో పడింది. పెద్దమ్మ రోడ్డు మీద పడింది. మణికట్టు విరిగింది. కట్టు విప్పిన మరుసటి రోజే ఆమె రోట్లో కారం దంచింది, పడిన సంగతి కూడా మర్చిపోయింది. పెదనాయన మర్చిపోలేదు. ఆమెను మళ్ళీ బండెక్కించుకోలేదు. అట్లాగని ఆమె బస్సులో పోతుంటే ఇంట్లో కుదురుగా కూర్చోనూ లేడు.

కుదురనేది ఆయన ఒంట్లోనే లేదు. మడకశిర పక్క పల్లెలో పుట్టాడు. చిన్నప్పుడు గొర్రెల వెనక తిరిగాడు. తర్వాత హిందూపురం వచ్చి చింతపండు మండీలో మూటలు మోశాడు. ముందు సైకిలు, తర్వాత మోపెడ్డు, ఆ తర్వాత ఈ బండి. అన్నం తినేటప్పుడు కూడా ఒక కాలు ఊపుతుంటాడు. బండి లేని పెదనాయన అంటే కాళ్ళు కట్టేసిన మేకపోతే.

అట్లాంటి మనిషికి పెద్దమ్మ ఒకరోజు గడువు పెట్టింది. ఆ రోజు నేను వాళ్ళింట్లోనే టీ తాగుతున్నాను.

"ఏమయ్యా, బస్సులో వాళ్ళంతా నిన్ను చూపించి నన్ను చూసి నవ్వుతాండారు. ఇంగ ఎనకాల రావద్దు."

"నేను రోడ్డు మీద పోతాండా. రోడ్డు మీ నాయనదా?"

"రోడ్డు కాదులే, మా నాయన నాకు తెచ్చింది నిన్ను. శనివారం నా చెల్లెలు దాసమ్మ కొత్తింట్లో చేరతాండాది. ధర్మవరానికి నేను బస్సులో రాను. నీ బండెక్కుతా."

పెదనాయన కాలు ఊపడం ఆపేశాడు. అది నేను చూడటం అదే మొదలు.

"వద్దు మే."

"అయితే ఒక పని చెయ్యి. శనివారం నన్ను పడేయకుండా ధర్మవరం చేర్చు. నీతో కాదంటే చెప్పు, బండి అమ్మేద్దాం. ఇద్దరం బస్సులో పక్కపక్కన కూర్చుని పోదాం. బస్సులో నేను, దాని ఎనక నువ్వు, ఈ యవ్వారం మాత్రం ఇంగ కుదరదు."

ఆ వారమంతా పెదనాయన బండిని పెండ్లికూతురిలా చూసుకున్నాడు. టైర్లలో గాలి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూపించాడు. గాలి పట్టే తిరుపాల్ "ఏమన్నా, నీ బండి గాలి తాగి బతుకుతాదా?" అన్నాడు. బ్రేకులు కొత్తవి వేయించాడు. చైను కడిగి, నూనె వేసి, బిగువు చూశాడు. చీర చక్రంలో పడకుండా వెనక ఇనుప జాలీ బిగించాడు. అద్దాలు, హారన్, ఇండికేటర్లు, వెనక దీపం అన్నీ అయ్యాయి. ఎప్పుడూ చెప్పులే వేసే మనిషి బూట్లు కొన్నాడు.

"అన్నీ చూస్తివి గానీ పెద్నాయనా, బండికి జ్వరమేమన్నా ఉండాదా?" అన్నాను. నిజంగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూశాడు, పాపం.

పెద్దమ్మకూ తయారీ తప్పలేదు. హెల్మెట్ పెడితే కొప్పు మీద కుండమూతలా లేచింది. కొప్పు తీయించి జడ వేయించాడు. కొంగు నడుము చుట్టూ తిప్పి దోపుకోమన్నాడు, పైన పిన్నీసులు పెట్టించాడు. బండిని వాకిట్లో పెద్ద స్టాండు మీద నిలబెట్టి, అలవాటు కావాలని రోజూ కాసేపు దాని మీద కూర్చోమన్నాడు. పెద్దమ్మ సుమ్మనే ఖాళీగా కూర్చునే రకం కాదు. హెల్మెట్ పెట్టుకుని, కదలని బండి మీద కూర్చుని, ఒళ్ళో చాట పెట్టుకుని అనపకాయలు ఒలిచింది. ఆ ఫోటో తీసి మా చుట్టాలందరికీ పంపాను.

శనివారం పొద్దున చలి బాగా ఉంది. "నువ్వు నీ బండేసుకొని ఎనకాల రారా. పడితే ఎత్తేదానికి ఒకడుండల్ల," అని పెద్దమ్మ నాకు ఉద్యోగం ఇచ్చింది. ఇద్దరికీ బొరుగుల ఉగ్గాని పెట్టింది. మేము లోపల తిన్నాం. పెదనాయన మాత్రం "బండి తుడుస్తా తింటా" అని ప్లేటు పట్టుకుని బయటికి పోయాడు. ఖాళీ ప్లేటు తెచ్చి ఇచ్చాడు. పక్కింటి కోళ్ళు ఆ పొద్దు మా బండ్ల చుట్టూ ఎందుకంత సంబరంగా తిరుగుతున్నాయో నేను పట్టించుకోలేదు.

బయలుదేరాం. ఊరు దాటగానే పెదనాయన ఆపాడు, చైను చూశాడు. మళ్ళీ కాస్త దూరం పోయి ఆపాడు, టైరును బూటుతో తన్నాడు. సోమందేపల్లి వస్తుందనగా మళ్ళీ ఆపి, పెద్దమ్మ కొంగు పిన్నీసులు లెక్కపెట్టాడు.

"యాలయ్యా ఇన్నిసార్లు? దాసమ్మ పాలు పొంగించేది చూడల్ల నేను."

"ఉండు మే, ఏందో శబ్దమొస్తాది."

"అది నా హెల్మెట్‌లో గాలి!"

ఆపినప్పుడల్లా ఆయన ముఖం కొంచెం కొంచెంగా పాలిపోతూ ఉంది. భయమనుకుని వెనక నుంచి హారన్ కొట్టి ఏడిపించాను.

పెనుకొండ కొండ కనబడుతోంది. రోడ్డు నున్నగా, సూటిగా ఉంది. ఎదురుగా కుక్క లేదు, గుంత లేదు. అట్లాంటి చోట పెదనాయన బండి మెల్లగా ఎడమకు జారుతూ పోయి తారు దిగి, కంకరలో పడింది. వెనక లారీ గట్టిగా హారన్ కొట్టింది. పెద్దమ్మ ఆయన వీపు మీద ఒక చరుపు చరిచింది. బండి ఉలిక్కిపడి మళ్ళీ రోడ్డెక్కింది. నేను హారన్ మీది నుంచి బొటనవేలు తీసేశాను.

పెనుకొండ బస్టాండు దగ్గర నబీసాబ్ టీ అంగడి ముందు ఆపించింది పెద్దమ్మ. దిగీ దిగకముందే పెదనాయన ముందు టైరు దగ్గర కూలబడ్డాడు.

"టైరు బాగుండాది... బ్రేకు బాగుండాది... మరి యాల అట్ల లాగిందో..."

లేవబోయి సీటు పట్టుకుని నిలబడిపోయాడు. అంత చలిలో ఆయన చొక్కా వీపంతా తడిసి ఉంది.

"బండి బాగనే ఉండాదయ్యా. నీకేమైందో చెప్పు," అంది పెద్దమ్మ.

నబీసాబ్ టీ తెచ్చాడు. పెదనాయన వద్దన్నాడు. నీళ్ళిచ్చాడు. అవీ వద్దన్నాడు. పెద్దమ్మ ఆయన కండ్లలోకి చూసింది.

"పొద్దున ఉగ్గాని తింటివా లేదా?"

ఆయన మళ్ళీ టైరు వైపు వంగాడు. నాకు అప్పుడు వెలిగింది. "పెద్దమ్మా, కోళ్ళు తిన్యాయి," అన్నాను.

ఇంక దాచలేకపోయాడు. "ఒక్కపొద్దు పట్టినా మే. నిన్న పొద్దున్నించి. నిన్ను ధర్మవరంలో దించి టెంకాయ కొట్టేదాకా పచ్చి నీళ్ళు గూడా ముట్టనని ఆంజనేయసామికి మొక్కుకున్యా."

"రాత్రి నిద్ర?"

"యాడ పడతాది?"

బండికి అన్నీ చూసుకున్నాడు. తోలే మనిషిని మాత్రం కడుపు మాడ్చి, నిద్ర చెరిపి హ్యాండిల్ దగ్గర కూర్చోబెట్టాడు. అదీ భద్రం కోసమే.

పెద్దమ్మ తిట్టలేదు. హెల్మెట్ కూడా తీయకుండా పోయి, కదలబోతున్న ధర్మవరం బస్సు మెట్టు మీద కాలు పెట్టింది. ఇంతే, అయిపోయింది అనుకున్నాను. బండి అమ్మకానికి వచ్చినట్టే.

పెదనాయన ఆమెను ఆపలేదు. హెల్మెట్ తగిలించుకుని, పట్టీ బిగించి, తాళంచెవి తిప్పాడు. బస్సు వెనకాల పోవడానికి!

మెట్టు మీద నుంచి పెద్దమ్మ వెనక్కి తిరిగి చూసింది.

"ఏమక్కా, ఎక్కుతాండావా దిగుతాండావా?" అని కండక్టరు అరిచాడు.

"నువ్వు పోప్పా. నేనెక్కితే ఆ కండ్లు తిరిగే మనిషి నీ బస్సు కిందనే పడతాడు," అని దిగేసింది. వచ్చి బండి తాళంచెవి లాగేసుకుంది. "తిను."

"మొక్కు తప్పితే పడతాం మే."

"తినకపోతే పడతాం. ఇప్పుడు పడబోయిందేమి? సామి వచ్చి హ్యాండిల్ పట్టుకున్యాడా?"

"అట్లనొద్దు!" పెదనాయన లెంపలేసుకున్నాడు. ఆయనకు ఏడుపొక్కటే తక్కువ. "ఆ పొద్దు ఏ మొక్కూ లేకుండా పోతిమి. నువ్వు పడితివి. నేను ఎనక్కి తిరిగి చూస్తే బండి మీద నువ్వు లేవు."

నబీసాబ్ గ్లాసులు కడుగుతూ అన్నాడు: "లింగప్పన్నా, మా రంజాన్ రోజాలో గూడా ప్రయాణంలో ఉండేటోళ్ళకు మాఫీ ఉండాది. ఇప్పుడు తిని, ఇల్లు చేరినాక ఇంగొక దినం ఉండొచ్చు."

"మీకుండాదిలేప్పా. మా సామికి ఆ రూలు ఉండాదో లేదో ఎవురికి తెలుసు?"

పెద్దమ్మ నబీసాబ్ చేతిలో నీళ్ళ చెంబు తీసుకుంది. అరచేతిలో నీళ్ళు పోసుకుని, కొండ వైపు తిరిగింది. "సామీ, ఈయన ఒక్కపొద్దు ఇప్పట్నించి నాది. టెంకాయ కొట్టేదాకా నేను ముట్టను," అని నీళ్ళు కింద వదిలింది. "అయిపాయ. మొక్కు మొక్కు లాగే ఉండాది, మోసే మనిషి మారింది. ఎనక కూర్చునేదాన్ని, నాకు ఆకలైతే ఎవురికీ నష్టం లేదు. నువ్వు తినల్ల."

"అక్కా, నువ్వు పొద్దున ఉగ్గాని తినుంటావు గదా?" అన్నాడు నబీసాబ్.

"అప్పుడు మొక్కు ఆయనది. నువ్వు ఇడ్లీ తెప్పిచ్చు."

పక్క బండి నుంచి ఇడ్లీలు వచ్చాయి. పెదనాయన ఒకటి నోట్లో పెట్టుకుని పెద్దమ్మ వైపు చూశాడు, ఏదైనా అవుతుందేమోనని. ఏమీ కాలేదు. తర్వాత ఎన్ని తిన్నాడో నేను చెప్పను, ఆయన పరువు. తిన్నాక ఆమె అంగడి బల్ల మీద పడుకోబెట్టింది. ఒక్కచోట నిలవని మనిషి బూట్లతోనే గురక పెట్టాడు. ఆమె ఫోను మోగుతూనే ఉంది.

"అక్కా, ముహూర్తమైపోతాది, పాలు పొంగిపోతాయి, యాడుండావు?" అని దాసమ్మ చిన్నమ్మ.

"పొంగనీ. నా మొగుడు నిద్రపోతాండాడు," అని పెట్టేసింది పెద్దమ్మ.

ఆయన లేచి ముఖం కడుక్కున్నాక మళ్ళీ బండెక్కారు. ధర్మవరం చేరేదాకా పెదనాయన బండి ఒక్కసారి కూడా ఆపలేదు. చేతులు కదలలేదు, బండి గీత దాటలేదు. ఈసారి కుదురు తప్పింది పెద్దమ్మకు. ఆకలికి అటు జరిగింది, ఇటు జరిగింది, "ఇంగెంత దూరమయ్యా?" అన్న అరుపు వెనక వస్తున్న నాకు కూడా వినబడింది.

మేం పోయేసరికి పాలు పొంగి, తాగడం కూడా అయిపోయింది. అలిగిన దాసమ్మ చిన్నమ్మను పక్కకు తోసి, పెద్దమ్మ వాకిట్లో నిలబడింది. పెదనాయన టెంకాయ కొట్టాడు. ఆమె విస్తరి ముందు కూర్చుని మాట్లాడకుండా తింది. ఆయన పక్కన నిలబడి, బెల్లం పప్పు బొబ్బట్ల మీద నెయ్యి తనే వడ్డించాడు.

సాయంత్రం ఎవరో ఆటో తెచ్చి, "రా వదినా, బస్టాండులో దింపుతాం," అన్నారు.

పెద్దమ్మ కొంగు నడుముకు దోపుకుంటూ లోపలికి కేక వేసింది.

"బస్సు వద్దులే. మే దాసమ్మా, మీ బావకు రెండు ముద్దలు పెట్టు. నన్ను తీసకపోవల్ల."