బాబాయి నోటి ఓకే

ఓకే అనే మాటను మా బాబాయంత పొదుపుగా వాడే మనిషిని నేను చూడలేదు. మా ఇంట్లో ఆ మాటకి విలువే లేదు. ఫోను పెట్టేయాలన్నా ఓకే, పోట్లాట చాలించాలన్నా ఓకే, మా ఆవిడ మూతి ముడుచుకుని పక్కగదిలోకి వెళ్లేముందు అనేదీ ఓకేనే. లిఫ్టు మెకానిక్ అయిన బాబాయికి మాత్రం దానికి ఒక్కటే అర్థం: ఇక జనం ఎక్కొచ్చు. తాళ్లు, బ్రేకులు, తలుపులు చూసి, తానొక్కడే ఎక్కి పైదాకా వెళ్లొస్తేగానీ అనడు. పిన్ని కొత్త చీర కట్టుకుని ఎదురుగా నిలబడినా "పర్లేదు" దగ్గరే ఆగిపోతాడు.

ఆయన కూతురు, అంటే మా చెల్లి, ఓసారి ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు తవ్వి తీసింది.

"నాన్నా, అది అసలు జోకంట. దాదాపు రెండొందలేళ్ల కిందట అమెరికాలో పేపరువాళ్లు, 'ఆల్ కరెక్ట్' అనే మాటని కావాలని తప్పుల స్పెల్లింగుతో రాసి, రెండక్షరాలకి కుదించారంట. సరదాకి!"

బాబాయి ముఖం కందగడ్డలా అయిపోయింది.

"సరదాకా? దాన్ని నమ్మి జనం పిల్లల్నెత్తుకుని ఎక్కుతారే! అక్కడ ఎలా పుట్టిందో నాకనవసరం. నా దగ్గర మాత్రం బుద్ధిగానే పెరిగింది."

ఆయనకి ఇంకో చాదస్తం కూడా ఉంది. వేరేవాళ్లు ఓకే చేసిన లిఫ్టు ఎక్కడు. తాముండే ఐదో అంతస్తుకీ మెట్లే, ఎందుకంటే ఆ లిఫ్టు చూసేది వేరే కంపెనీ. మోకాళ్లు సహకరించకపోయినా, అంతస్తుకోసారి ఆగి, కిటికీలోంచి ఏదో చూస్తున్నట్టు నటించి మరీ ఎక్కేవాడు. రిటైరయ్యాక చివరికి కిందికి దిగడమే మానేశాడు. పిన్ని దిగులు పడింది. నాకూ బెంగగానే ఉండేది.

అదే పని నేర్చుకున్న చెల్లి, సరిగ్గా ఆ వేరే కంపెనీలోనే చేరింది. మొన్న బాబాయి వాళ్ల లిఫ్టు ఆగిపోతే తననే పంపారు. నేనూ ఆవేళ అక్కడే ఉన్నాను. ఎవరి సాయమూ లేకుండా తను చేసే మొదటి రిపేరు. బాబాయి పైన లిఫ్టు ఎదురుగా కుర్చీ వేసుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పనయ్యేదాకా ఒక్క సలహా ఇవ్వలేదు. నోరు మూసుకుని కూర్చోవడం ఆయనకెంత కష్టమో మాకు తెలుసు.

చెల్లి ఒక్కతే కిందిదాకా వెళ్లి పైకొచ్చింది.

"నువ్వోసారి చూడు నాన్నా."

"నేనెందుకు? చేసింది నువ్వు. నువ్వే చెప్పు."

చెల్లి మళ్లీ తలుపు మూసుకుని ఇంకోసారి వెళ్లొచ్చింది.

"ఓకే నాన్నా."

బాబాయి లేచాడు. చెప్పులు వేసుకుని తిన్నగా లిఫ్టులోకి నడిచాడు.

"రావేం? అలా వీధి చివరిదాకా వెళ్లొద్దాం," అని పిన్నిని కేకేశాడు.

పిన్ని గుమ్మంలోనే ఆగిపోయింది. "అదేంటండీ, మీరు పరీక్ష చేయరా?"

"అది ఓకే అంది కదే."

చెల్లి బటన్ల మీద ఏదో చదువుతున్నట్టు అటు తిరిగింది. ఏడుస్తోందని మా అందరికీ తెలుసు.