ఎక్కడో జారిపోయిన ‘ట’

నా చిన్నప్పుడు భయపడడానికి నాకు కారణాలు కరువయ్యేవి కావు. పిడుగంటే భయం, లెక్కల మేష్టారంటే భయం, కొండల వైపు వెళ్ళే పోలీసు వ్యానంటే భయం, అన్నిటికంటే మా అమ్మ చెయ్యంటే భయం. పిరికిగొడ్డు అని ఇంట్లో నాకు పేరు. ఆ పేరు పెట్టింది మా నాన్న. డెబ్బయ్యేళ్ళకు దగ్గరపడుతున్నా, ఆ పేరు తప్పని నేనెప్పుడూ వాదించలేదు.

మాది నాగావళి ఒడ్డున, ఆమదాలవలస స్టేషనుకు సైకిలు మీద గంట దూరంలో ఉన్న ఊరు. మా తాతయ్య, అంటే మా నాన్న తండ్రి, బడి పంతులుగా పనిచేసి విరమించాక పంచాయతీ గదిలో ఒక గ్రంథాలయం పెట్టించాడు. గ్రంథాలయమంటే ఒక బీరువా, నాలుగు బల్లలు, రైలు దిగి సైకిలెక్కి మధ్యాహ్నానికి మా ఊరు చేరే ఒక పేపరు. ఆదివారం మూడు గంటలకు ఊరివాళ్ళు అక్కడ చేరేవారు. తాతయ్య ముందు చరిత్రలోంచి ఏదో ఒకటి చెప్పేవాడు, తరవాత పేపరు చదివేవాడు, ఆ పైన ఎవరికి తోచింది వాళ్ళు మాట్లాడేవారు. చంద్రుడి మీద మనిషి కాలుపెడితే పౌర్ణమి ఏమవుతుందని, కొండల్లో నక్సలైట్ల గొడవలు మన ఊరిదాకా వస్తాయా అని గంటలకొద్దీ వాదించుకునేవారు. ఆడవాళ్ళు కిటికీ అవతల అరుగు మీద కూర్చుని వినేవారు. నేను మా అమ్మ పక్కన కిటికీ ఊచలు పట్టుకుని నిలబడేదాన్ని.

ఆ రోజుల్లో మా ఊరి దగ్గర నది మీద వంతెన కడుతున్నారు. అందుకేనేమో, ఒక ఆదివారం తాతయ్య పాతకాలంలో కోటలూ చెరువు గట్లూ ఎలా కట్టేవారో చెప్పాడు. సున్నం ఎలా కలిపేవారు, రాళ్ళు ఎలా మోసేవారు అని చెబుతూ చెబుతూ, గట్టు మాటిమాటికీ తెగిపోతుంటే కొన్ని చోట్ల మనిషిని బలిచ్చి పునాదిలో పెట్టేవారట అని ఒక మాట అని ముందుకు వెళ్ళిపోయాడు. వెనక బల్ల మీంచి ఎవరో, “అయితే మన బ్రిడ్జికి ఎవుల్ని పెడతారో” అన్నారు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మర్నాటి నుంచి నాకు ఆ నది నది కాదు. ఇసకలో స్తంభాల కోసం తవ్విన గోతులు నా వంక నోళ్ళు తెరుచుకుని చూస్తున్నట్టుండేవి. మా పొలానికి వెళ్ళాలంటే ఆ గోతుల పక్కనుంచే నడవాలి. అక్కడికి రాగానే కళ్ళు మూసుకుని పరిగెత్తడం అలవాటు చేసుకున్నాను. ఇంత భయపడుతున్నానని ఎవరికీ చెప్పలేదు, చెబితే మళ్ళీ పిరికిగొడ్డు అంటారని.

శివరాత్రి ముందు రోజులు. పొలంలో మినుములు పీకుతున్నారు. ఒక శనివారం అమ్మ నాకు చోడి అంబలి, అంటే రాగి అంబలి, ముంతలో పోసి ఇచ్చి, నాన్నకు ఇచ్చి రమ్మంది. గోతుల దగ్గర ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని పరిగెత్తాను. రాయి తగిలి బోర్లా పడ్డాను. ముంత నాలుగు పెంకులైంది, అంబలి ఇసకలో ఇంకిపోయింది. పొలంలో నాన్న ఆకలితో ఉంటాడు, ఇంట్లో అమ్మ వీపు చీరేస్తుంది. అక్కడే కూలబడి ఏడ్చాను.

అప్పుడు ఒక మనిషి వచ్చాడు. చంకన కొండచీపుళ్ళ కట్ట, భుజాన గోతాం. ఏటా పాతపట్నం అవతల నుంచి ఒక ముసలాయన మా ఊళ్ళో చీపుళ్ళు అమ్ముకోవడానికి వచ్చేవాడు. ఆ యేడు ఆయనకు బదులు ఈ కొత్త మనిషి వచ్చినట్టుంది. మాటలో సగం ఒరియా, సగం తెలుగు. పెంకులు ఏరి, నా కాలికి గుచ్చుకోకుండా దూరంగా పారేశాడు. గోతాంలో చెయ్యి పెట్టి రెండు ఉసిరికాయలు తీసి ఇచ్చాడు. నన్ను ‘మా’ అని పిలిచాడు. ఒరియావాళ్ళు కూతుర్ని అలా పిలుస్తారని నాకు చాలా ఏళ్ళ తరవాత తెలిసింది.

ఉసిరికాయలు తింటూ ఇంటికి వచ్చాను. గుమ్మంలోనే అమ్మ అడిగింది, “ఒసే, ముంతేదే?”

నిజం చెప్పాలనే నోరు తెరిచాను. అమ్మ చెయ్యి పైకి లేవడం చూశాను. నోట్లోంచి వేరే మాట వచ్చింది. “బ్రిడ్జి కాడ ఒకడు గోతాం ఏసుకుని ఉన్నాడమ్మా. పునాదిలో పెట్టడానికి నన్ను అందులో ఎయ్యబోయినాడు. పరిగెట్టీసి వచ్చినాను, ముంత జారిపోనాది.”

లేచిన చెయ్యి నన్ను దగ్గరికి లాక్కుంది. అమ్మ నాకు దిష్టి తీసింది, బెల్లం ముక్క పెట్టింది, ఒళ్ళంతా తడిమి చూసింది. నాకు ఎంతో హాయిగా అనిపించింది. ఈ సంగతి ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది గానీ, ఆ హాయి మాత్రం నిజం.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. అమ్మ పక్కింటి అక్కకు చెప్పింది, అక్క ఇంకెవరికో చెప్పింది. సాయంత్రం బావి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటుంటే విన్నాను. వంతెనకు బలివ్వడానికి ముగ్గురు పిల్లల్ని గోతాంలో వేసుకుని పోయారని. అది నా కథేనని నాకు తట్టనేలేదు. పిల్లల దొంగలు నిజంగానే వచ్చారని వణికిపోయి, ఒక్క పరుగున ఇంట్లోకి వచ్చి గడియ పెట్టుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం ఆ మనిషిని పట్టుకొచ్చారు. పక్క వీధిలో చీపుళ్ళు అమ్ముతుంటే దొరికాడని అన్నారు. పంచాయతీ గది అరుగు మీద స్తంభానికి పలుపుతాడుతో కట్టేశారు. చొక్కా చిరిగిపోయింది, పెదవి చిట్లింది. అతనేదో చెబుతున్నాడు గానీ భయంలో తెలుగు పూర్తిగా పోయి ఒరియా ఒక్కటే వస్తోంది, ఆ అరుపుల్లో ఎవరికీ ఏమీ వినబడడం లేదు. ఇక్కడే కాళ్ళు విరగ్గొట్టాలని కొందరు, పోలీసులకు అప్పగించాలని కొందరు. కొండల్లో గొడవల కాలంలో ఆ వైపు నుంచి వచ్చిన మనిషిని అలా అప్పగిస్తే ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. కర్రలు పట్టుకున్నవాళ్ళలో మా నాన్న కూడా ఉన్నాడు.

నేను అమ్మ కొంగు వెనక నిలబడి ఉన్నాను. ఆ మొహం చూడగానే గుర్తుపట్టాను. చెబితే అమ్మ చంపేస్తుంది, చెప్పకపోతే వీళ్ళు ఇతన్ని చంపేస్తారు. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అదీ నా పరిస్థితి. కొంగు ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

తాతయ్య రెండు రోజులుగా శ్రీకూర్మంలో చుట్టాలింట ఉండి, అప్పుడే బస్సు దిగి వచ్చాడు. ఆయన ఎవరినీ కేకలెయ్యలేదు, వదిలెయ్యమని బతిమాలలేదు. “ఈవేళ ఆదివారం గదా. మూడవుతున్నాది. లోపలికొచ్చి కూకోండి. ఈయన్నీ తీసుకురండి” అన్నాడు. ఏళ్ళ తరబడి అలవాటైన పిలుపు కాబట్టి కాబోలు, గొణుక్కుంటూనే అందరూ లోపలికి వెళ్ళి బల్లల మీద కూర్చున్నారు. తాడుతోనే అతన్ని తీసుకొచ్చి తాతయ్య తన కుర్చీలో కూర్చోబెట్టాడు. మేము ఎప్పటిలాగే కిటికీ దగ్గర చేరాం.

అందరికంటే గట్టిగా అరిచింది మిల్లు మావ. ఊళ్ళో బియ్యం మిల్లు ఆయనదే. తాతయ్య ముందు ఆయన్ని లేపాడు.

“ముగ్గురు పిల్లల్ని ఎత్తుకుపోనాడు మేష్టారూ” అన్నాడు మిల్లు మావ.

“నువ్వు సూసినావేటి?”

“నానెక్కడ సూసినాను, మిల్లు కాడ ఉన్నాను గదా. కొట్టు సావుకారు సెప్పినాడు.”

సావుకారు లేచాడు. “ముగ్గురని నానననేదు. పిల్లని ఎత్తుకుపోనాడట అన్నానంతే.”

తాతయ్య మిల్లు మావ వైపు తిరిగాడు. “సావుకారి కాడ ‘ట’ ఉన్నాదిరా. నీ కాడికి వచ్చీసరికి ఆ ‘ట’ ఏటయిపోనాది? దారిలో ఎక్కడ జారిపోనాది?”

ఇద్దరు ముగ్గురు నవ్వారు. మా నాన్న నవ్వలేదు. తాతయ్య కూడా నవ్వించడానికి అన్న మాట కాదది. తెలుగులో అంత చిన్న అక్షరమైనా, ‘నేను చూడలేదు, విన్నాను’ అని చెప్పడానికి అదొక్కటీ చాలు అన్నాడు. చరిత్ర రాసేవాడికైనా కబురు చెప్పేవాడికైనా అది చేతిలో ఉండాలి, అది జారిపోతే చేతిలోకి కర్ర వస్తుంది అన్నాడు.

సావుకారుకు ఎవరు చెప్పారంటే ఉప్పు కొనడానికి వచ్చిన పక్కింటి అక్క. కిటికీ అవతల నుంచి అక్క చెప్పింది, తను ఎత్తుకుపోనాడని అనలేదని, ఎత్తుకుపోబోయినాడట అని మాత్రమే అన్నానని. ఒక్కో మనిషి లేస్తున్నకొద్దీ కథ చిన్నదైపోతోంది. చిన్నదైపోతూ నా వైపు వస్తోంది. ఊచలు పట్టుకున్న నా చేతులు చెమటతో జారిపోతున్నాయి. పారిపోదామంటే వెనక ఆడవాళ్ళు గోడలా నిలబడి ఉన్నారు.

అక్క మా అమ్మ పేరు చెప్పింది. అమ్మ తలెత్తి జవాబిచ్చింది, “నా మాటలో ‘ట’ లేదు మావయ్యా. నా కూతురు సెప్పినాది. అది సూసినాది.”

లోపలికి రమ్మన్నారు. కిటికీ నుంచి గుమ్మానికి పది అడుగులుంటాయేమో. అంత దూరం నేను మళ్ళీ జీవితంలో నడవలేదు. గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. కుర్చీలోని మనిషి తలెత్తాడు. నన్ను గుర్తుపట్టాడు. చిట్లిన పెదవితోనే నవ్వాడు. “మా” అన్నాడు. తనను ఎరిగిన మనిషి ఒకరు దొరికారని, తన తరఫున చెప్పడానికి వచ్చానని అనుకున్నాడు పాపం.

తాతయ్య నన్నూ అందరినీ అడిగినట్టే అడిగాడు. “సూసినావా, ఇన్నావా?”

“ముంత నానే పగలగొట్టీసినాను” అన్నాను. అడిగింది ఒకటి, చెప్పింది ఒకటి. అయినా ఆ ఒక్క మాట బయటికొచ్చాక మిగతావి వాటంతట అవే వచ్చాయి. గోతాంలో వెయ్యబోలేదని, ఉసిరికాయలు ఇచ్చాడని, అమ్మ కొడుతుందని అలా చెప్పానని.

“మరి పునాదిలో పెట్టడం, గోతాం, ఈ మాటలు నీకు ఎవులు సెప్పినారు?”

“గోతాం నానే కలిపినాను. పునాదిలో మనిషిని పెట్టడం నువ్వే సెప్పినావు తాతయ్యా. ఆమధ్య ఆదివారం.”

తాతయ్య తిడతాడనుకున్నాను. ఆయన నన్ను చూడలేదు, బల్లల మీది జనాన్ని చూశాడు.

“అయితే ఈ కథకి మొదటోడిని నాను. నానూ సూడనేదు, ఎవులో సెప్పగా ఇన్నాను. ‘ట’ అన్నాను గానీ, దాన్ని పట్టుకోడానికి పిల్ల సేతులు సాలవని సూసుకోనేదు” అన్నాడు.

తనే వంగి తాడు విప్పడం మొదలుపెట్టాడు. ముడి బిగుసుకుపోయింది, ఆయన వేళ్ళకు లొంగలేదు. మా నాన్న కర్ర గోడకు ఆనించి వచ్చి మిగతా ముడి విప్పాడు. తాతయ్య ఆ మనిషికి రెండు చేతులూ జోడించాడు. అమ్మ మంచినీళ్ళు తెస్తే అతను తాగలేదు. తొక్కుడు పడిన చీపుళ్ళలో పనికొచ్చే నాలుగైదు ఏరుకుని, గోతాం భుజాన వేసుకుని ఇసకలోకి దిగి వెళ్ళిపోయాడు. నా వైపు మళ్ళీ చూడలేదు. ఆ తరవాత ఆ మనిషీ, ఆయనకు ముందు వచ్చే ముసలాయనా మా ఊరికి ఎప్పుడూ రాలేదు.

పిల్ల భయపడి మాట మార్చిందని, పట్టుకున్నవాణ్ణి వదిలెయ్యడం తప్పని గొణిగినవాళ్ళు తరవాత కూడా ఉన్నారు. ఆదివారం సభలు మాత్రం ఆగలేదు. తాతయ్య చెప్పడం కాస్త నెమ్మదించింది. ఇది చదివింది, ఇది విన్నది, ఇది నాకు తెలియదు అని విడదీసి చెప్పేవాడు. కొందరికి విసుగొచ్చి రావడం మానేశారు. నేను పెద్దయ్యి, టీచరునై, బడిలో ముప్ఫయ్యేళ్ళు చరిత్ర పాఠం చెప్పాను. నా పిల్లలూ ‘ట’ దగ్గర ఆగడం నేర్చుకున్నారు. అది తాతయ్య ఇచ్చింది.

అమ్మ నన్ను ఆ రోజు కొట్టలేదు. ఊళ్ళో చాలామంది మెచ్చుకున్నారు కూడా, అంతమంది ముందు నిలబడి నిజం చెప్పిందని. పెళ్ళయ్యాక అత్తవారింట్లోనూ మా నాన్న ఈ కథ గొప్పగా చెప్పేవాడు, మా పిరికిగొడ్డు ధైర్యం చూడండి అంటూ. నేను తల వంచుకుని వినేదాన్ని. అతన్ని స్తంభానికి కట్టిన దగ్గర్నుంచి నా వంతు వచ్చి తాతయ్య అడిగేదాకా గంట పైనే గడిచింది. ఆ గంటసేపూ, అతను కాక, నిజం తెలిసినది ఆ ఊళ్ళో నేనొక్కదాన్నే. అతని పెదవి లోంచి రక్తం కారడం చూస్తూ, అమ్మ కొంగు పట్టుకుని నోరు మూసుకుని నిలబడ్డాను. తాతయ్య అడగకపోతే చెప్పేదాన్ని కాదు. పిడుగుల భయం పోయింది, పోలీసుల భయం పోయింది, అమ్మ పోయాక ఆవిడ చెయ్యంటే భయమూ పోయింది. ఆ కొంగు వెనకాల నిలబడ్డ పిల్లంటే మాత్రం నాకు ఇప్పటికీ భయమే.