ఎట్ల నొస్తుంది బిడ్డా?

నా చిన్నప్పుడు నాకు ఏ నొప్పి వచ్చినా ఒకటే మాట వచ్చేది: మస్తు. ముల్లు గుచ్చుకున్నా మస్తు నొస్తుంది, జ్వరమొచ్చినా మస్తు నొస్తుంది. అందుకే ఆ రోజు కడుపు పట్టుకుని చాపమీద ముడుచుకుంటే, మా అమ్మ వాము నీళ్ళు తాగించి చేనికి వెళ్ళడానికి సిద్ధమైంది. ఆమె తప్పేమీ లేదు. నా మాటలో నొప్పి ఎంతో ఎవరికీ తెలిసేది కాదు.

మా అమ్మమ్మ కొడంగల్ నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉంది అప్పుడు. ఆమె నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. అరచేతిని బొటనవేలితో అదిమి, "గిట్ల మొద్దుగ నొస్తుందా?" అంది. మెల్లగా గిచ్చి, "గిట్ల చురుక్కుమంటుందా?" అంది. కొంగు కొసను బట్ట పిండినట్టు తిప్పి, "లేకుంటే గిట్ల మెలిపెడుతుందా?" అని అడిగింది. ఆ ఆటలో పడి నేను ఏడుపు మానేశాను. మొదటిసారి నా నొప్పి మాట నేనే విన్నాను.

"పొద్దుగాల బొడ్డు కాడ ఉండుండి మెలిపెట్టింది అమ్మమ్మా. ఇప్పుడు గట్ల లేదు. కుడిపక్క కింద పొడిచినట్టుంది, ఆగుతనే లేదు. దగ్గితే ఇంక ఎక్కువైతుంది."

అమ్మమ్మ ముఖం మారిపోయింది. చేనికి బయలుదేరిన అమ్మను ఆపి, ఇద్దరూ కలిసి నన్ను తాండూరు బస్సెక్కించారు. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా నేను కెవ్వుమంటుంటే, అమ్మమ్మ నన్ను ఒళ్ళోకి లాక్కుని చెవిలో చెప్పింది:

"డాక్టర్ సారు అడిగితే నాకు చెప్పినట్టే చెప్పు. పెంచి చెప్పకు, దాచి చెప్పకు."

అలాగే చెప్పాను. డాక్టరు నా మాటలు చివరిదాకా విని, కడుపు నొక్కి చూసి, ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. పేగు వాచిందని, ఇంకా ఆలస్యమైతే లోపలే పగిలేదని తర్వాత అమ్మకు చెప్పారట. నాకు మెలకువ వచ్చేసరికి అమ్మ నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తోంది. అమ్మమ్మ మాత్రం నా తల నిమురుతూ నవ్వుతోంది.

ఇప్పుడు నేనూ అమ్మమ్మ వయసుకొచ్చాను. నిరుడు మా కోడలి తల్లి పోయింది. పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ కోడలు, "మంచిగనే ఉన్న" అని చెప్పేది. ఒకరోజు ఆమె పక్కన కూర్చుని, "ఎట్ల బాధైతుంది బిడ్డా, జర చెప్పు" అన్నాను.

కోడలు నా వైపు తిరిగింది.

"పగలంత ఏం అనిపిస్తలేదు అత్తమ్మా. మాపటీలి చాయ్ పెట్టేటప్పుడు ఒక్కసారే గుండె కలుక్కుమంటది. గా టైముకే మా అమ్మ ఫోన్ చేస్తుండె."

మరునాటి నుంచి సాయంత్రం ఆ వేళకు చాయ్ పెట్టడానికి పొయ్యి దగ్గరికి నేను వెళ్తున్నాను. మా కోడలు వచ్చి నా పక్కన పీట వేసుకుని కూర్చుని, వాళ్ళమ్మ ముచ్చట్లు చెబుతుంది.