లడాయీ టైము ముహూర్తం

రాయపూర్ పాత కచేరీలో దానయ్యది పహరా ఉద్యోగం. ఖాకీ కోటు, కాళ్ళకు చుట్టిన గుడ్డపట్టీలు, ఎర్ర తలపాగా, భుజం మీదుగా డవాలీ, డవాలీ మీద ఇత్తడి బిళ్ళ. దొరలు ఎప్పుడో రాతితో కట్టిన ఆ భవనంలో ఖజానా ఉండేది. కాబట్టి లోపలికి పోయేవాణ్ణి ఆపి అడగడం, బయటికి వచ్చేవాణ్ణి కనిపెట్టి చూడడం, దొరగారి బండి వస్తే బూట్లు కలిపి సలాం కొట్టడం అతని పని. ఊరికే నిలబడి జీతం తీసుకునే ఉద్యోగమని తెలుగువాళ్ళు అతన్ని ఆటపట్టించేవారు. ఆ మాట అన్నవాళ్ళలో ఒక్కరూ రాయపూర్ మే నెల ఎండలో పట్టీలు కట్టుకుని నిలబడినవాళ్ళు కారు.

పార్వతీపురం దగ్గర ఒక పల్లె నుంచి, రాయపూర్‌కు కొత్త రైలుదారి వేస్తున్న రోజుల్లో మట్టిపనికి వచ్చాడు దానయ్య. దారి పూర్తయ్యాక తోటివాళ్ళంతా రైల్వేలోనే ఏదో ఒక పనిలో కుదురుకున్నారు. స్టేషన్ వెనక తెలుగువాళ్ళ ఇళ్ళ లైన్లలో ఏ గడప తొక్కినా రైలు మనిషే. దానయ్య ఒక్కడే ఆరడుగుల ఎత్తు పుణ్యమా అని కచేరీవాళ్ళ కళ్ళలో పడ్డాడు. కచేరీ వెనకే ఒక గది, ఇంత పెరడు ఇచ్చారు. ఇంట్లో భార్య బంగారమ్మ, ఒక్కగానొక్క కూతురు పైడమ్మ.

పహరా కంటే అతనికి ప్రాణమైన పని ఇంకొకటి ఉంది. వరండా చివర దూలానికి పెద్ద కంచుపళ్ళెం వేలాడేది. హెడ్‌గుమాస్తా గదిలో గోడగడియారం ముల్లు పన్నెండు మీదికి రాగానే కొయ్యసుత్తితో దాన్ని కొట్టాలి. ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు. గోల్ బజార్‌లో దుకాణాలు తెరిచేది ఆ గంటకే, బడిపిల్లలు పరుగెత్తేది ఆ గంటకే. రోజుకు మూడుసార్లైనా “కచేరీ గంట తప్పదు” అనేవాడు దానయ్య. “నా కూర ఉప్పు తప్పినా తప్పుద్ది గానీ నీ గంట తప్పదులే” అని బంగారమ్మ మూతి విరిచేది. అతనికి అది వెటకారంలా వినపడేది కాదు, బిరుదులా వినపడేది.

పందొమ్మిది వందల నలభై రెండు సెప్టెంబరు ఒకటిన సర్కారు ఒక హుకుం పంపింది. యుద్ధం జరుగుతోంది గనక దేశమంతా గడియారాలు ఒక గంట ముందుకు జరపాలి. ముందురోజు దాకా తొమ్మిది అన్నదాన్ని ఇవాళ్టి నుంచి పది అనాలి. ఊళ్ళో జనం దానికి లడాయీ టైము అని పేరు పెట్టుకున్నారు. మొదటి వారం తిట్టుకున్నారు, రెండోవారం అలవాటు పడ్డారు, మూడోవారానికి మరిచిపోయారు. దానయ్యకు తిట్టుకునే తీరిక కూడా లేదు. గడియారం చెప్పింది కొట్టడమే అతనికి తెలుసు.

పైడమ్మ పెళ్ళి ఆ హుకుం కంటే ముందే, శ్రావణంలో కుదిరింది. వరుడు సూరిబాబు, టిట్లాగఢ్ స్టేషన్‌లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. సొంతూరి సిద్ధాంతిగారు ముహూర్తం పెట్టి ఉత్తరం రాశారు. కార్తీకంలో ఫలానా రోజు, ఉదయం పది గంటల రెండు నిమిషాలకు. అంతకుముందు వర్జ్యం ఉంది, జాగ్రత్త అని కింద గీత గీసి మరీ రాశారు. వర్జ్యం అంటే శుభకార్యం తలపెట్టకూడని కాలం. దానయ్య ఆ ఉత్తరాన్ని మడతపెట్టి కోటు లోపలి జేబులో దాచాడు.

పెళ్ళి కచేరీ వెనక పెరట్లోనే. గూడ్స్ ఆఫీసులో గుమాస్తా చేస్తూ, సెలవురోజుల్లో తెలుగువాళ్ళకు పౌరోహిత్యం చేసే మల్లేశ్వరరావు వధూవరులను పీటల మీద కూర్చోబెట్టాడు. ఆ రోజు దానయ్యకు సెలవు. గంట కొట్టేది జోడీ పహరావాడు బిసాహూ, ఇక్కడి ఛత్తీస్‌గఢీ మనిషి. మల్లేశ్వరరావు చేతిగడియారం వైపు, దానయ్య వైపు మార్చి మార్చి చూశాడు.

“దానయ్యా, నా వాచీ రెండు నిమిషాలు అటూ ఇటూ ఉంటుంది. ఏం చేద్దాం?”

“వాచీ ఎందుకు బాబూ? మా గంట పది కొట్టీగానే కానిచ్చీండి. కచేరీ గంట తప్పదు. నాది జిమ్మా.”

గంట పది కొట్టింది. జీలకర్ర బెల్లం పెట్టారు, సూరిబాబు పుస్తె కట్టాడు, తలంబ్రాల దగ్గర నవ్వులాటలయ్యాయి. విస్తళ్ళు వేశారు. దానయ్య పులిహోర గిన్నె పట్టుకుని వడ్డిస్తుండగా, ఖమ్తరాయి పల్లె నుంచి రోజూ పాలు తెచ్చే దుకాలూ అనేవాడు కొత్త పంచె కట్టుకుని, చేతిలో చెంబెడు పెరుగుతో వచ్చాడు. భోజనాలు చూసి నిర్ఘాంతపోయాడు.

“దస్ బజే కహే రహేస్ న భైయా? అభీ తో దస్ బజత్ హే!”

పది గంటలకని చెప్పావు, ఇప్పుడేగా పదవుతోంది అంటూ సూర్యుడి వైపు చెయ్యి చూపించాడు. పాలవాడికి గడియారంతో పని లేదు. పొద్దును చూసి పాలు పితుకుతాడు, పొద్దును చూసి పట్నం వస్తాడు. పంక్తిలో కూర్చున్న రైలువాళ్ళు గొల్లుమన్నారు. దానయ్యా నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది.

సిద్ధాంతిగారి పది, పాలవాడి పది ఒక్కటే. ఉత్తరం రాసింది శ్రావణంలో. లడాయీ టైము వచ్చింది ఆ తర్వాత. మల్లేశ్వరరావుకూ ఈ సంగతి తెలుసు, వచ్చిన ప్రతి రైలు మనిషికీ తెలుసు. తెలిసినా ఒక్కడికీ తట్టలేదు. రోజంతా గడియారం మీద బతికేవాళ్ళు గనకే తట్టలేదు. అంటే పుస్తె కట్టింది సరిగ్గా వర్జ్యంలో.

అంతలో కచేరీ వరండాలో బిసాహూ పదకొండు కొట్టడం మొదలుపెట్టాడు. అసలు ముహూర్తం ఇప్పుడు రాబోతోంది. పీటలు ఇంకా తియ్యలేదు, పెళ్ళికొడుకు పైడమ్మ పక్కనే ఉన్నాడు, పంతులు ఇంకా వెళ్ళిపోలేదు. రెండు నిమిషాలు. నోరు తెరిచి చెబితే అయిపోయేది. దానయ్య గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. “పులిహోర, పులిహోర” అని పంక్తిలోంచి ఎవరో పిలిచారు. వెళ్ళి వడ్డించాడు. ఆ రెండు నిమిషాలూ విస్తళ్ళ మధ్య గడిచిపోయాయి.

కూతురి పెళ్ళినాడు అపశకునం మాట ఎందుకని ఊరుకున్నానని తనకు తాను చెప్పుకున్నాడు. ఆ మాట అతను నమ్మాడు కూడా.

తర్వాత కక్కలేక మింగలేక మూడేళ్ళు గడిపాడు. టిట్లాగఢ్ నుంచి వచ్చే ప్రతి ఉత్తరాన్నీ భయంతోనే చదివించుకునేవాడు. సూరిబాబుకు జ్వరం వస్తే తన వల్లే, కూతురికీ అత్తగారికీ మాట పట్టింపు వస్తే తన వల్లే. ఎవరైనా ముహూర్తం మాట ఎత్తితే గుమ్మడికాయ దొంగలా భుజాలు తడుముకునేవాడు. గంట మాత్రం ఒక్కరోజూ తప్పలేదు. అన్నిటికంటే పెద్ద బెంగ, పైడమ్మకు పిల్లలు కలగకపోవడం. మొదటి ఏడు ఎవరూ ఏమీ అనలేదు. రెండో ఏడు వ్రతాలన్నారు. మూడో ఏడు గొడ్రాలు అన్న మాట ఉత్తరంలో లేకపోయినా, ఉత్తరం తెచ్చిన మనిషి నోట వచ్చింది.

నలభై అయిదు అక్టోబరులో యుద్ధం ముగిసిందని సర్కారు గడియారాలను మళ్ళీ వెనక్కి జరిపింది. తీసుకున్న గంటను హుకుం మీద హుకుం వేసి తిరిగి ఇచ్చేసింది. దానయ్య ఆ ఉదయం తొమ్మిదిని రెండుసార్లు చూశాడు. సర్కారు పని ఎంత సులువు అనుకున్నాడు.

ఆ మాఘంలో సూరిబాబు తల్లి అప్పలనరసమ్మ, కొడుకునూ కోడలినీ వెంటబెట్టుకుని రాయపూర్ వచ్చింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఇది నొక్కి చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి కథల్లో అత్తగారు కనపడగానే పళ్ళు నూరుకునే అలవాటు మనకుంది. ఒక్క కొడుకు, వంశం నిలవదేమోనని భయం. అంతే.

“అన్నియ్యా, తగువుకి రాలేదు నాను” అంది చాప మీద కూర్చుంటూ. “నా తమ్ముడి కూతురుంది. దాన్ని మా బాబుకి సేసుకుంటాం. మీ పైడమ్మని నాను ఒగ్గెయ్యను. పెద్దకోడలిగా ఇంట్లోనే ఉంటాది. మీ మాట లేకండా సెయ్యకూడదని వచ్చినాను.”

సూరిబాబు తల వంచుకుని గోడకు ఆనుకున్నాడు. పైడమ్మ తలుపు వెనక ఉంది. బంగారమ్మ ఏడుపు అందుకుంది. అప్పలనరసమ్మ తొందరపడలేదు. పంతుల్ని పిలిపించమంది. మల్లేశ్వరరావు వచ్చి జాతకాలు చూశాడు, సిద్ధాంతిగారి ఉత్తరం చూశాడు, తల ఊపాడు.

“జాతకాలు కలిశాయి. ముహూర్తంలో వంక లేదు. దివ్యమైన లగ్నం.”

“ఇన్నావా అన్నియ్యా? అన్నీ సక్కగున్నాయి. మరింక వంక ఎక్కడుందో నువ్వే సెప్పు.”

చెప్పనక్కరలేదు, అందరూ తలుపు వైపే చూశారు.

దానయ్య డ్యూటీకి తయారై ఉన్నాడు. తలపాగా పెట్టుకున్నాడు, డవాలీ వేసుకున్నాడు. ఇప్పుడు నోరు విప్పితే ఊరంతా నవ్వుతుంది. సొంత కూతురి ముహూర్తాన్ని తప్పించిన గంటవాడని గోల్ బజార్ దాకా చెప్పుకుంటారు. విప్పకపోతే పిల్ల బతుకు మరొకతె చేతిలో పడుతుంది. ఈ లెక్క తేలడానికి అతనికి అట్టే సేపు పట్టలేదు. అంత సులువుగా తేలే లెక్కను మూడేళ్ళు ఎందుకు మోశాడో అప్పటికింకా అతనికి తెలియదు.

“వంక పిల్లలో లేదు సెల్లెమ్మా. ముహూర్తంలో ఉంది” అన్నాడు. “సిద్ధాంతిగారు పాత టైము రాసినారు. నాను లడాయీ టైముకి కట్టించీసినాను. పుస్తె వర్జ్యంలో పడింది.”

మల్లేశ్వరరావు వేళ్ళ కణుపుల మీద లెక్క కట్టాడు. మళ్ళీ కట్టాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “నిజమేనమ్మా. నాకూ తట్టలేదు” అన్నాడు చిన్నగొంతుతో.

అప్పలనరసమ్మ లేచి, కొంగు దులుపుకుని, తలుపు దగ్గరికి వెళ్ళి, “అయితే నీ తప్పేటి లేదే అమ్మీ” అంది. వర్జ్యంలో పడ్డ పుస్తెను మంచి ఘడియ చూసి మళ్ళీ కట్టించుకోవడం వాళ్ళలో ఉన్నదే. తమ్ముడి కూతురి మాట అక్కడితో పోయింది. ఎల్లుండి ఉదయం మంచిదన్నాడు మల్లేశ్వరరావు. తర్వాతి సంగతి అడిగేవాళ్ళ కోసం ఇప్పుడే చెబుతున్నాను, ఏడాది తిరిగేసరికి పైడమ్మకు ఆడపిల్ల పుట్టింది. అది ముహూర్తం మహిమో, అత్తగారి నోరు మూతపడి ఆ పిల్ల కడుపునిండా తిన్న మహిమో ఎవరికీ తెలియదు.

అందరూ పెరట్లోకి వెళ్ళాక పైడమ్మ తలుపు వెనక నుంచి వచ్చింది. ఏడవలేదు. తండ్రి ఎదురుగా నిలబడింది.

“అయ్యా, నీకెప్పుడు తెలిసింది?”

దానయ్య అబద్ధం ఆడలేకపోయాడు.

“ఆవేళే. వడ్డనప్పుడు.”

“మూడేళ్ళూ తెలిసే ఉన్నావా?”

“నీ కాపురం సెడిపోద్దని అమ్మా…”

“అక్కడోళ్ళు నన్ను పేరంటాలకి పిలడం మానీసినారు. ఈది కొళాయి కాడ నాను ఎదురైతే బిందె తిరగేసుకుని ఎలిపోయేవోరు. నాను ఏ జన్మలో ఏటి సేసినానో అని రోజూ దేవుడి కాడ తల కొట్టుకున్నాను. నీకు తెలుసు కదయ్యా, నా తప్పు కాదని.” అతని డవాలీ వైపు చూసింది. “నా కాపురం కోసం కాదయ్యా. గంట తప్పిందంటారని.”

పెళ్ళినాడు గిన్నె పట్టుకుని నిలబడ్డ రెండు నిమిషాల్లో తను భయపడింది అపశకునానికి కాదని, పంక్తిలో నవ్వే రైలువాళ్ళకని దానయ్యకు అప్పుడు అర్థమైంది. కూతురు చెప్పేదాకా తనకే తెలియలేదు.

ఆమె కాళ్ళు పట్టుకుందామా అనిపించింది. తండ్రి కూతురి కాళ్ళు పట్టుకోకూడదు. చెయ్యి చాపాడు, తల మీద పెడదామని. పైడమ్మ వెనక్కి జరగలేదు, ముందుకూ రాలేదు. పక్కకు వంగిపోయిన అతని ఇత్తడి బిళ్ళను చేత్తో సరిచేసింది.

“డూటీకి ఏళయిపోతంది. ఎల్లు, అయ్యా” అంది.